చేప ఫోటో తర్వాత పంపుదువుగాని

చిన్నోడికి,

పెదనాన్న ఆశీస్సులు. కోడలికీ, పిల్లలిద్దరికీ కూడా.

కనుమ నాడు సాయంత్రం మీ నాన్న మా అరుగు మీద కూర్చుని గారెలు తింటూ ఏదో మామూలు కబురులా చెప్పాడు. "మావాడు వచ్చే శనివారం పిల్లల్ని తీసుకుని గడ్డకట్టిన చెరువు మీదకి చేపలు పట్టడానికి వెళ్తాడట అన్నయ్యా. మధ్యలోనే టెంటు వేసుకుంటారట. చలికి లోపల హీటరు కూడా ఉంటుందట" అన్నాడు. ఐసు పగిలితే ఎలా అని మీ అమ్మకి బెంగట. నాకు మాత్రం ఆ హీటరు మాట దగ్గరే గారె గొంతులో ఆగిపోయింది.

ముందు గర్వం సంగతి చెప్పేస్తాను, తర్వాత తిట్టడానికి అడ్డం రాకుండా ఉంటుంది. బారువ తీరంలో కెరటం కాలికి తగిలితే నా పంచె వెనక దాక్కున్నవాడివి నువ్వు. ఇవాళ మినసోటాలో, సున్నాకి కింద ఇరవై డిగ్రీల చలిలో, పిల్లలకి గాలం వేయడం నేర్పిస్తానంటున్నావు. రాత్రి మీ పెద్దమ్మతో ఆ మాటే నాలుగుసార్లు అన్నాను. ఐదోసారి అనబోతే లైటు ఆర్పేసింది.

సోంపేట ముసలాడికి ఐసు గురించి ఏం తెలుసు అనుకోకు. పటాలంలో ఉండగా లడఖ్‌లో రెండు శీతాకాలాలు చేశాను. పాంగాంగ్ సరస్సు ఉప్పునీళ్లది, సుమారు 14,000 అడుగుల ఎత్తున ఉంటుంది. అయినా చలికాలంలో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా గడ్డకట్టేస్తుంది. రాత్రిపూట అది చప్పుడు చేస్తుంది. పొడుగాటి ఇనుప తీగని ఎవరో లాగి వదిలినట్టు ఉంటుంది. కొత్తలో ఆ చప్పుడుకి నిద్ర పట్టేది కాదు. పిల్లలు భయపడితే చెప్పు, చలికి ఐసు బిగుసుకున్నా అలాగే మోగుతుందని. అయితే మోగింది కాబట్టి గట్టిగా ఉందని మాత్రం అనుకోకు. ఎంత గట్టిదో కొలిచే తెలుసుకోవాలి.

కొలతల మాట మనవరాలితో ఫోన్‌లో వెతికించి, మీ రాష్ట్రం వాళ్లు రాసిందే చదివించుకున్నాను. తేటగా ఉన్న కొత్త ఐసు కనీసం 4 అంగుళాల మందం ఉంటేనే మనిషి నడవాలట. తెల్లగా ఉన్నదానికి సగం బలమే, కాబట్టి దానికి రెట్టింపు మందం చూసుకో. కారుకి ఎన్ని అంగుళాలు కావాలో కూడా ఉంది కానీ నీకు అక్కర్లేదు. కారు గట్టు మీదే ఉంటుంది. ఒకచోట కొలిచి సరిపెట్టుకోకు, 150 అడుగులకోసారి కొలుస్తూ పోవాలి. వాగు వచ్చి కలిసేచోట, వంతెన కింద, ఊట ఉన్నచోట ఐసు పలచగా ఉంటుంది, అటు పోవద్దు. ముందు నువ్వు నడవాలి, చేతిలో మన గునపం లాంటి కడ్డీ ఉండాలి, అడుగడుక్కీ పొడుచుకుంటూ పోవాలి. కోడలూ పిల్లలూ నీ అడుగుల్లోనే, పదేసి అడుగుల ఎడంలో రావాలి. చెయ్యీ చెయ్యీ పట్టుకుని గుంపుగా నడిచే ముచ్చట గట్టు మీద తీర్చుకోండి.

ఇక వస్తువులు. నీళ్లలో పడితే ఐసులో గుచ్చి పైకి పాకడానికి, చిన్న చెక్కపిడికి మేకు దిగేసినవి, జతగా తాడుకి కట్టి అమ్ముతారట. అవి నలుగురి మెడలోనూ ఉండాలి, సంచిలో ఉంటే లేనట్టే. లైఫ్ జాకెట్టు కోటు మీద వేసుకోవాలి. నీళ్లలో తేలే తాడు యాభై అడుగులది ఒకటి. బూట్లకి తొడుక్కునే ఇనుప పళ్లు, విజిల్, తలకి కట్టుకునే లైటు, మందుల డబ్బా. గాలం ముల్లు వేలికి దిగితే కోయడానికి ఒక కట్టింగ్ ప్లేయరు. ఫోన్ లోపలి జేబులో, ఒంటికి ఆనించి పెట్టుకో, చలికి బ్యాటరీ చచ్చిపోతుంది. ఏ చెరువో, ఏ వైపో, ఎన్నింటికి తిరిగొస్తారో అక్కడే ఉన్న స్నేహితుడికి చెప్పి వెళ్లు. మీ నాన్నకి చెప్పి ప్రయోజనం లేదు, ఇక్కడ కూర్చుని ఆయన చేసేది బీపీ పెంచుకోవడమే.

ఐసు విరిగి పడితే మొదటి నిమిషం ఊపిరి ఎగబీల్చుకుపోతుంది. ఆ నిమిషం ఈదడానికి చూడకూడదు, తల పైకి ఉంచి ఊపిరి నిలదొక్కుకోవాలి. తర్వాత వచ్చిన వైపుకే తిరగాలి. అంతవరకూ నీ బరువు మోసింది ఆ ఐసే కదా. మేకులు దిగేసి, కాళ్లు కొట్టుకుంటూ బోర్లా పాకి రావాలి. పైకి వచ్చాక లేచి నిలబడకూడదు, దొర్లుకుంటూ దూరం పోవాలి. పిల్లలు పడితే నువ్వు పరిగెత్తుకు పోకు. పోతావని నాకు తెలుసు, అందుకే రాస్తున్నాను. పడుకుని తాడు విసురు. ఇంటి హాల్లో పిల్లలచేత ఒకసారి ఆటలా పాకించి, దొర్లించి చూడు.

బట్టల సంగతి. ఒంటికి తగిలే బట్ట నూలుది కాకూడదు. నూలు తడిస్తే ఆరదు, ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. ఉన్ని తడిసినా కొంత కాపాడుతుంది. కిందటేడు నీకు పంపిన పొందూరు ఖద్దరు చొక్కా ఈ పనికి పనికిరాదు, ఇంట్లోనే ఉంచు. ఆ పత్తిని వాలుగ చేప దవడ పళ్లతో ఏకుతారని నీ కూతురికి చెప్పాను. చేపలకి ఆ చొక్కా చూపిస్తే భయపడి పైకి వస్తాయా అని అడిగింది. తెలివి మన ఇంటిదే. నలుగురికీ పొడిబట్టలు ఒక్కో జత, మేజోళ్లు రెండేసి జతలు, నీరు దూరని సంచిలో కట్టి పెట్టు. ఫ్లాస్కులో వేడి పాలు, చారు ఏదైనా ఉంచుకో. మందు మాత్రం వద్దు. తాగితే వెచ్చగా ఉందనిపిస్తుంది కానీ ఒంట్లో వేడి చర్మంలోంచి బయటికి పోతూ ఉంటుంది. నెలనెలా రమ్ము తీసుకున్నవాణ్ని చెబుతున్నాను.

సరే. చుట్టూ తిరిగి చాలా రాశాను. అసలు మాటకి వస్తాను.

1986 డిసెంబరు. నేనూ, నెల్లిమర్ల వైపు వాడొకడూ ఒకే టెంటులో ఉండేవాళ్లం. ఆ కొండల్లో తెలుగు మాట్లాడేవాళ్లం మేమిద్దరమే. వాడికో అలవాటు ఉండేది. దీపం ఆర్పాక నన్ను విజయనగరంలో రైలెక్కించేవాడు. "నెల్లిమర్ల వచ్చింది, నేను దిగిపోను, నిన్ను దింపాలి కదా. గరివిడి. చీపురుపల్లి. సిగడాం. పొందూరు. దూసి. ఆమదాలవలస, టీ తాగుతావేటి?" ఇలా పలాస, మందస రోడ్డు, బారువ దాటించి సోంపేటలో దింపేవాడు. ఆ వరసకే నిద్ర పట్టేసేది.

టెంటులో వెచ్చదనానికి బుఖారీ ఉండేది. రేకు పొయ్యి అది. కిరసనాయిలు చుక్కచుక్కగా పడి మండుతుంది. పొగ పోవడానికి పైన గొట్టం, గాలి రావడానికి టెంటు అడుగున జానెడు కన్నం ఉంటాయి. పొయ్యి వెలుగుతున్నంతసేపూ ఆ కన్నం మూయకూడదని రూలు. కన్నం నా మంచం పక్కనే ఉండేది.

ఆ రాత్రి గాలి విపరీతంగా ఉంది. కన్నంలోంచి మంచు జల్లెడ పట్టిన పిండిలా నా దుప్పటి మీద పడుతోంది. పదింటికి లేచాను. బంగాళాదుంపల గోనెసంచి మడిచి కన్నంలో కుక్కి, బూటుకాలితో తన్ని గట్టిగా దిగేశాను. వాడు మెలకువగానే ఉన్నాడు. "ఉస్తాద్ చూస్తే చంపేస్తాడ్రా" అన్నాడు. "పొద్దున్నే తీసేస్తానులే" అన్నాను. తర్వాత వాడు రైలెక్కించాడు. పొందూరు దాకా విన్నట్టు గుర్తు.

రెండింటి నుంచి నా డ్యూటీ. ముందువాడు వచ్చి నన్ను నాలుగైదుసార్లు కుదిపితే గానీ లేవలేదట. తల పగిలిపోతోంది, కాళ్లు పట్టు తప్పుతున్నాయి. ఎత్తు ప్రదేశం కదా, అక్కడ తలనొప్పి రోజూ ఉండేదే. బూట్లు తొడుక్కుని బయటికి పోయాను. అరగంట గాలి పీల్చాక తల తేలికపడింది. చూశావా, అక్కడే తెలియాల్సింది నాకు. లోపల నొప్పి పెట్టిన తల బయటికి రాగానే ఎందుకు తేలికపడింది అని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే సరిపోయేది. ఆలోచించలేదు. తగ్గింది కదా అని సంతోషపడ్డాను. గంటన్నర అక్కడే, టెంటుకి ఇరవై అడుగుల దూరంలో, చుక్కలు చూస్తూ నిలబడ్డాను.

తర్వాత డ్యూటీ వాడిదే. లేపడానికి వెళ్లాను. లేవలేదు.

ముందు నేను చేసిన పని వాణ్ని ఈడ్చడం కాదు. గోనెసంచి లాగేసి బయట మంచులోకి విసిరాను. ఆ తర్వాతే వాణ్ని బయటికి ఈడ్చి అరిచాను. ఈ వరస ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, మీ పెద్దమ్మకి కూడా. అడిగినప్పుడు మంచుకి కన్నం పూడుకుపోయి ఉంటుంది అన్నాను. అందరూ నమ్మారు.

వాడు బతికాడు. వాతావరణం తెరిపిచ్చాక హెలికాప్టర్‌లో కిందకి పంపారు. కొన్నాళ్లకి బాగానే ఉన్నాడన్నారు, తర్వాత పింఛను ఇచ్చి ఇంటికి పంపేశారు. ఏటా పైడితల్లమ్మ సిరిమాను నాడు వాళ్లింటికి వెళ్లేవాణ్ని. చూడటానికి బాగానే ఉండేవాడు. అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చి, "భోజనం పెట్టవేటే" అని భార్యని అడిగేవాడు. నాకెంతమంది పిల్లలని గంటలో మూడుసార్లు అడిగేవాడు. నేను బయల్దేరేటప్పుడు రైలెక్కిస్తానని వరస మొదలుపెట్టేవాడు. నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, సిగడాం. అక్కడ ఆగిపోయేవాడు. నా మొహంలోకి చూసి, "సిగడాం తర్వాత ఏట్రా?" అనేవాడు.

పొందూరు, అని నేను చెప్పేవాణ్ని. వాడు పోయి నాలుగేళ్లయింది.

తిత్లీ తుఫాను గుర్తుందా, 2018 అక్టోబరు? ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలన్నీ పడుకున్నాయి, రోజుల తరబడి కరెంటు లేదు. మీ నాన్న జనరేటరు తెచ్చి, వానకి తడుస్తుందని వసారాలో పెట్టి తలుపులు వేశాడు. నేను వెళ్లి ఊరంతా వినేలా తిట్టి దాన్ని దొడ్లోకి తోయించాను. మూడు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. కారణం ఇదని ఇప్పుడు చెప్పు, పర్వాలేదు.

కాబట్టి ఇది చదువు, కోడలిచేత కూడా చదివించు. మీ హీటరు గ్యాసుది. చెరువు మీద వాడే ప్రొపేన్ హీటరు అని డబ్బా మీద ఎంత రాసి ఉన్నా నాకు బుఖారీయే. మండేదానికి గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది, ఆ రాత్రి మా టెంటులో నిండింది అదే. దానికి వాసన లేదు, రంగు లేదు. బ్యాటరీతో పనిచేసే అలారం కొను, ఒకటి కాదు, రెండు. ఇంట్లో బటన్ నొక్కి మోగించి చూడు, ఆ మోత పిల్లలకి వినిపించు. స్పేర్ బ్యాటరీలు ఒంటికి ఆనే జేబులో ఉంచుకో. టెంటుకి గాలి కోసం పెట్టిన కిటికీలు పైనొకటి, కిందొకటి తెరిచే ఉంచు. గాలి లోపలికి కొట్టకుండా టెంటు అంచుల మీద మంచు ఎగదోస్తారట, మనవరాలు వీడియో చూపించింది. అలా ఎగదోసేటప్పుడు కింది కిటికీ పూడుకుపోకుండా చూడు. మంచు కురుస్తుంటే అరగంటకోసారి బయటికి వచ్చి చూసుకో. హీటరు వెలుగుతుండగా ఎవరూ కునుకు తీయకూడదు, చిన్నాడు కూడా. వాడికి నిద్రొస్తే ఇంటికి బయల్దేరండి.

ఎవరికైనా తల నొప్పి, వికారం, మత్తు అనిపిస్తే చలికనో, ఫోన్ చూడటం వల్లనో అనుకోవద్దు. హీటరు ఆర్పేసి నలుగురూ ఒకేసారి బయటికి రావాలి. బయటికి వచ్చాక తల తేలికపడితే సంతోషపడకు. 911కి ఫోన్ చెయ్యి.

కోపంగా రాసినట్టున్నాను. ఇది మూడో కాగితం, చెయ్యి నొప్పెడుతోంది. మనవరాలు ఫోటోలు తీసి పంపుతుంది, అక్షరాలు తెలియకపోతే దాన్నే అడుగు. మీ పెద్దమ్మ చేగోడీలు, నువ్వుల అరిసెలు కట్టి ఉంచింది, మీ ఊరు వస్తున్నవాళ్లెవరైనా ఉంటే చెప్పు.

శనివారం మీకు పొద్దున్న అయితే మాకు రాత్రి. నేను మేలుకునే ఉంటాను. పట్టిన చేప ఫోటో తర్వాత పంపుదువుగాని. ముందు ఆ కింది కిటికీ తెరిచి ఉన్న ఫోటో పంపు. బయట నుంచి ఒకటి, లోపల నుంచి ఒకటి.

పెదనాన్న