గెలిపించేవాడు బయటివాడే ఎందుకు?

ప్రశ్న: ‘అవతార్’ చిత్రం 2009లో విడుదలైనప్పుడు నెక్లెస్ రోడ్డు పక్కనున్న పెద్ద తెరపై చూసి కంటతడి పెట్టుకున్నాను. ఈమధ్య ఇంట్లో మళ్లీ చూస్తుంటే, డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి అది తెల్లవాళ్లు తమ గొప్పను తామే చెప్పుకున్న కథ అన్నాడు. అడవి మనుషుల పక్షాన నిలిచిన సినిమాలో జాతి వివక్షను వెతకడం అన్యాయం కాదా?
– ఒక పాఠకురాలు, నల్లకుంట, హైదరాబాదు

జవాబు: వేరే లోకంలోని నీలిరంగు అడవి మనుషుల ఊళ్లను ఖనిజం కోసం కూల్చే కంపెనీని ఆ చిత్రం దోషిగా నిలబెట్టిన మాట నిజమేనమ్మా, మీకు కన్నీళ్లు తెప్పించింది కూడా అదే. అయితే కథ ఎవరి పక్షాన ఉన్నదనేది ఒక సంగతి, కథను నడిపే బలం ఎవరి చేతిలో ఉన్నదనేది మరొక సంగతి. మీ అబ్బాయి పట్టుకున్నది ఈ రెండవ దానిని.

తోరుక్ అనే మహాపక్షిని లొంగదీసుకోవడం తొలి పాటల కాలం నుంచి, అంటే తమ తెగ ఆదికాలం నుంచి, అయిదుసార్లే జరిగిందని నాయిక నేయ్‌తిరి చెబుతుంది. ఆ అయిదుగురిలో ఒకరు ఆమె తాతగారి తాత. పుట్టినప్పటి నుంచి ఆ అడవిలోనే పెరిగిన వేటగాళ్లెవరికీ తోచని ఆ పని, కొన్ని నెలల క్రితం భూమి నుంచి వచ్చిన జేక్ అనే సైనికుడు చేసి చూపించి, వారందరికీ నాయకుడవుతాడు. పైనుంచి దిగిరావడమనే అర్థం అవతారమనే మన మాటలోనే ఉండడం నాకు ప్రతిసారీ గుర్తొస్తుంది. జేక్‌గా నటించినది తెల్లజాతి నటుడు కాగా, నేయ్‌తిరిగానూ ఆమె తల్లిగానూ నటించినవారు నల్లజాతి స్త్రీలు, తండ్రిగా నటించినది చెరోకీ తెగకు చెందిన వెస్ స్టూడీ. ఆ ముగ్గురి ముఖాలూ నీలిరంగు మాటునే ఉండిపోయాయి.

సదుద్దేశం ఉన్నంత మాత్రాన ఈ దోషం తొలగిపోదు. అదే ఏడాది వచ్చిన ‘డిస్ట్రిక్ట్ 9’ దక్షిణాఫ్రికా వర్ణవివక్షను గ్రహాంతరవాసుల కథగా మలచి మెప్పు పొందినా, అందులో నైజీరియన్లను గ్రహాంతరవాసుల మాంసం తినే ముఠాగా చూపినందుకు నైజీరియా ప్రభుత్వమే అభ్యంతరం చెప్పింది. ఇందుకు భిన్నంగా ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో వెలువరించిన ‘డ్యూన్’ నవలలో, ఎడారి ప్రజలు బయటి నుంచి వచ్చిన యువకుడిని రక్షకుడిగా నమ్మడమే ప్రమాదంగా పరిణమిస్తుంది.

మన దగ్గరి ఉదాహరణ ఒకటి చెబుతాను. ఆసిఫాబాద్ అడవుల్లో భూమి కోసం, అడవి మీద హక్కు కోసం గోండులను కూడగట్టిన కొమరం భీము 1940లో జోడేఘాట్ వద్ద నిజాం పోలీసుల కాల్పుల్లో మరణించాడు. ఆ తిరుగుబాటుకు కారణాలు తెలుసుకోవడానికే హైదరాబాదు ప్రభుత్వం ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో గోండుల మధ్య నివసించి, వారికి బడులు, భూమి పట్టాలు అందడానికి పాటుపడ్డాడు. ఆ మేలు చిన్నదేమీ కాదు, గోండులు ఆయనను ఈనాటికీ ప్రేమగా తలుచుకుంటారు. కానీ ఆయన అక్కడికి రావడానికి కారణం భీము పోరాటమే. ఆ వరుసను తలకిందులు చేసి, హైమండార్ఫ్ వచ్చాకే గోండులకు ధైర్యం వచ్చిందన్నట్టు రేపు ఎవరైనా సినిమా తీస్తే, అందులో గోండులపై ఎంత ప్రేమ కురిపించినా, మీకూ నాకూ మనసు కలుక్కుమంటుంది. మీ అబ్బాయి చెబుతున్నది ఆ బాధనే.