చంటిపిల్ల వేలు తెగింది, అప్పట్నుంచి చెయ్యి వణుకుతోందంటున్న తల్లికి

రాజాం దగ్గర ఊరి నుంచి ఒకమ్మాయి రాసింది. పాపకి రెండు నెలలు నిండాయి. మొహమంతా గీరుకుంటోందని ఇంట్లో ఉన్న పెద్దోళ్ల నెయిల్ కట్టర్‌తో గోళ్లు తీయబోతే బొటనవేలి చివర చర్మం తెగి రక్తమొచ్చింది. అత్తగారు పరిగెత్తుకొచ్చి "పిల్ల వేలు కోసీసావేటే" అని వీధంతా వినేలా అరిచారు. ఇది జరిగి పది రోజులైంది, ఇప్పుడు కట్టర్ చూస్తేనే చెయ్యి వణుకుతోందట. అత్తగారేమో గోళ్లు పళ్లతో కొరికి తీస్తున్నారు, మిగతా టైమంతా పాప చేతులకి గుడ్డ గ్లౌజులు కట్టీసి ఉంచుతున్నారు. భర్తది హైదరాబాద్‌లో పని, పైడితల్లమ్మ సిరిమాను పండక్కి వస్తానన్నారు, ఫోన్లో చెప్తే "కొంచెం జాగ్రత్తగా ఉండొచ్చు కదా" అని పెట్టీసారు. చివర్లో "నేను మంచి తల్లిని కానా అమ్మా" అని అడిగింది.

తల్లీ, మా పెద్దోడికి మూడో నెలలో నేనూ చూపుడువేలు కోసాను. ఇరవయ్యేళ్లు దాటిపోయింది, వాడి వేలి మీద మచ్చ కూడా లేదు, కానీ తెల్ల జుబ్బా మీద పడిన ఆ రక్తపు చుక్క నాకింకా కనిపిస్తాది. అందుకే నీ ఉత్తరం చదవగానే నీ చెయ్యి వణుకు నాకు అర్థమైంది. నువ్వు చెడ్డ తల్లివి కాదు. పిల్ల మొహం గీరుకుంటోందని చూసి ఊరుకోలేకపోయావు, అంతే.

అసలు అలాగ ఎందుకు తెగుద్దో చెప్తాను, తెలిస్తే సగం భయం పోద్ది. ఈ వయసులో గోరు కాగితంలాగ పల్చగా ఉంటాది, చివర్న కండకి అతుక్కునే ఉంటాది, ఎక్కడ గోరు అయ్యి ఎక్కడ చర్మం మొదలైందో మన కంటికి ఆనదు. దానికి తోడు అరచేతిలో ఏది పెట్టినా పిల్లలు గుప్పిట బిగించీస్తారు, అది వాళ్లకి పుట్టుకతో వచ్చిన గుణం. పెద్దోళ్ల కట్టర్ మూతి వెడల్పు, అది పెడితే వేలి కొసే కనపడదు. ఒక్కదానివే పిల్లని పట్టుకుని, గుప్పిట విప్పి, కట్టర్ నొక్కాలంటే ఎవరికైనా కష్టమే. కాబట్టి నీకు చేతకాక తెగలేదు, రెండో మనిషి లేక తెగింది. ఆ రెండో మనిషి నీ ఇంట్లోనే ఉన్నారు, మీ అత్తగారు.

ఆవిడ అలాగ అరవడం తప్పే, నేను వెనకేసుకు రాను. కానీ రక్తం చూసి భయపడిన మనిషి అరుపు అది. ఆవిడ మీద కోపం ఉన్నా సరే ఈ పనికి మాత్రం పిలువు. పాపకి నీళ్లు పోసేది ఆవిడే అయ్యుంటారు కదా, కాళ్లు చాపుకుని పిల్లని కాళ్ల మీద వేసుకుని? స్నానమయ్యాక గోళ్లు నాని మెత్తబడతాయి, పాలు తాగి పిల్ల ఒళ్లు మరిచి పడుకుంటాది, గుప్పిట దానంతటదే విచ్చుకుంటాది. గోళ్లు తీయడానికి అదే అదును. (సాంబ్రాణి పొగ వేసే అలవాటుంటే మానీయండి, చంటి ఊపిరితిత్తులకి ఏ పొగా మంచిది కాదు.) పిల్లని ఆవిడ ఒళ్లో ఉంచి, ఆవిడ్ని వెలుతురున్న గుమ్మం దగ్గర కూర్చోమను. "అత్తా, మీరు చెయ్యి కదలకుండా పట్టుకోండి, నేను తీస్తాను" అను. ఆవిడ చెయ్యి పడిన పనిని ఆవిడే తప్పుపట్టరు.

ఇప్పుడు వేలు పట్టుకోవడం. పాప వేలిని నీ బొటనవేలు చూపుడువేళ్ల మధ్య పట్టుకో, వేలి కొసన బుడిపెలాగ ఉండే మెత్తటి కండని నీ వేలితో మెల్లగా కిందకి నొక్కు. అలాగ నొక్కగానే తెల్లటి గోరు అంచు కండ నుంచి విడిగా పైకి తేలుతాది. తేలింది కనిపించాకే కత్తిరించు, కనిపించకపోతే ఆ వేలు వదిలీయ్. చేతి గోళ్లు వేలి వంపు ప్రకారం గుండ్రంగా తీయాలి, కాలి గోళ్లు మాత్రం అడ్డంగా తిన్నగా, మూలలు లోపలికి కోస్తే గోరు కండలోకి పెరుగుద్ది. ఎప్పుడూ కొంచెం గోరు మిగలాలి, మొదలంటా తీయకూడదు.

కానీ మొదటి రెండు వారాలూ నువ్వు అసలు కత్తిరించొద్దు, నీ చెయ్యి కుదురుకోనీ. ఎమరీ బోర్డు అని గరుకు కాగితం అంటించిన పుల్లలాంటిది దొరుకుతాది, మెత్తరకం తెచ్చుకుని ఒకే వైపుకి నాలుగుసార్లు మెల్లగా రాస్తే గోరు అంచు నున్నగా అయిపోద్ది, రక్తం వస్తుందన్న భయం ఉండదు. తర్వాత చిన్నపిల్లల నెయిల్ కట్టర్ గానీ మొన మొద్దుగా ఉండే చిన్న కత్తెర గానీ కొనుక్కో, పాపకి మాత్రమే వాడు, సబ్బుతో కడిగి స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టు. బ్లేడు మాత్రం ఎవరు చెప్పినా వద్దు. చేతి గోళ్లు వారానికి ఒకటి రెండుసార్లు, కాలి గోళ్లు నెలకి ఒకటి రెండుసార్లు చాలు.

మంగళవారం, శుక్రవారం, చీకటి పడ్డాక తీయకూడదంటారని కూడా రాసావు. దాని గురించి గొడవ పడకు, వారంలో ఇంకా ఐదు రోజులున్నాయి. చీకట్లో వద్దన్నది మంచి మాట కూడాను, కరెంటు ఎప్పుడు పోతుందో తెలీని చోట చంటి వేళ్ల మీద కట్టర్ పెట్టడమేంటి!

పళ్లతో కొరకడం మాత్రం ఆపించాలి, ఇందులో నేను మొహమాటపడను. పెద్దోళ్ల నోట్లో ఉండే క్రిములు గోరు పక్కన చిన్న చీలికలోంచి లోపలికి పోతే వేలు వాచి చీము పడుద్ది, పెదవి మీద పొక్కులొచ్చే వైరస్ అయితే చంటిపిల్లలకి ఇంకా ప్రమాదం. ఈ మాట నువ్వు చెప్తే "నాకు నేర్పుతావా" అంటారు. పది వారాల టీకా దగ్గర్లోనే ఉంది కదా, దానికి ఇద్దరూ కలిసి వెళ్లండి, టీకాలేసే నర్సమ్మ ఏఎన్‌ఎమ్‌కి ముందే చెవిలో వేసి ఆవిడ చేత అత్తగారి ఎదురుగా చెప్పించు. గ్లౌజుల సంగతీ అప్పుడే చెప్పించు. పిల్ల చేతులు నోట్లో పెట్టుకుని, తాకి తెలుసుకునే వయసు ఇది, రోజంతా కట్టీయకూడదు. ఎప్పుడైనా వేసినా ముందు తిరగేసి చూడు, లోపల దారపు పోగు గానీ తలవెంట్రుక గానీ ఉంటే వేలికి చుట్టుకుని బిగిసిపోద్ది, రక్తం ఆడదు, పిల్ల ఎందుకేడుస్తుందో కూడా మనకి తెలీదు.

మళ్లీ ఎప్పుడైనా తెగితే, మంచినీళ్లతో కడిగి, శుభ్రమైన గాజుగుడ్డతో కొన్ని నిమిషాలు వదలకుండా నొక్కి పట్టు, ఆగిపోద్ది. పసుపు, సున్నం, కాఫీపొడి ఏదీ పెట్టొద్దు. బ్యాండేజీ కూడా వద్దు, ఊడి నోట్లోకి పోయి గొంతుకి అడ్డం పడుద్ది. పది నిమిషాలు నొక్కినా ఆగకపోయినా, తర్వాత గోరు చుట్టూ ఎర్రబడి వాచినా, చీము కనిపించినా డాక్టర్‌కి చూపించాలి. మూడు నెలల లోపు పిల్లకి జ్వరం 100.4 డిగ్రీలు గానీ ఆపైన గానీ ఉంటే దేనికీ ఆగకుండా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నీ పాపకి పది రోజులైంది, వాపు లేదు, పాలు బాగా తాగుతోంది అని రాసావు కాబట్టి ఆ గాయం మానిపోయింది.

మానంది నీ మనసులోది. పాప పడుకున్నా నాకు నిద్ర పట్టట్లేదు, ఊరికే ఏడుపొస్తోంది అని ఒక్క లైనే రాసావు గానీ నాకు దాని మీదే బెంగగా ఉంది. పురుడయ్యాక ఇలాంటిది రెండు వారాలు దాటి ఉంటే అది గుణం కాదు, జబ్బు, మందుంది. టీకా రోజునే నీ సంగతి కూడా డాక్టర్‌తో చెప్పు. ఈలోగా ఏ రాత్రయినా తట్టుకోలేకపోతే 14416కి ఫోన్ చెయ్యి, టెలి మానస్ అంటారు, ప్రభుత్వానిదే, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. నిన్ను నువ్వు గానీ పాపని గానీ ఏదైనా చేసీయాలన్న ఆలోచన వస్తే రాత్రని చూడకు, వెంటనే పక్కన మనిషిని లేపు, ఒంటరిగా ఉండకు. కొన్నాళ్లు కన్నోరింటికి వెళ్లి ఉండాలనిపిస్తే అడగడానికి సిగ్గుపడకు.

మీ ఆయనకి "జాగ్రత్తగా ఉండొచ్చు కదా" అనడం తేలికే. సిరిమానుకి వచ్చినప్పుడు పాపని నీ ఒళ్లో పెట్టుకుని, ఆ ఎమరీ బోర్డు ఆయన చేతికియ్యి. ఒక్క వేలు ఆయన్ని చెయ్యనీ.

ఈ గురువారం స్నానమయ్యాక రెండు వేళ్లు చాలు తల్లీ. మిగతా ఎనిమిదీ శనివారం చూసుకోవచ్చు.