గోడ పెచ్చులూడితే ఇల్లు వదలాలా?

ప్రశ్న: చిక్కడపల్లిలో మా మామగారు కట్టించిన పాత ఇల్లు మాది. డంగు సున్నం గోడలు. రెండేళ్ల క్రితం పైన సిమెంటు పూత వేయిస్తే చెమ్మ ఎక్కువై పెచ్చులూడుతున్నాయి. ఇల్లు అమ్మేసి కొండాపూర్‌లో తన ఫ్లాటుకి రమ్మంటున్నాడు అబ్బాయి. వాకిట్లో ముగ్గు, పెరట్లో కరివేపాకు చెట్టు వదల్లేక నిద్ర పట్టడం లేదు.
– ఒక గృహిణి

జవాబు: ముందు గోడ సంగతి చూద్దామమ్మా. సున్నం గోడ పీల్చుకున్న తడిని మెల్లగా బయటికి వదులుతుంది. సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది, తడి లోపలే నిలిచిపోతుంది. ఆ పూత తీయించి మళ్లీ సున్నమే పూయించండి. సున్నం పని తెలిసిన మేస్త్రీనే పిలవండి, ఇది ముఖ్యం.

ఇక ఫ్లాటు. నేను మలక్‌పేటలో పెంకుటింట్లో పెరిగాను. కూకట్‌పల్లిలో ఆరో అంతస్తుకి మారిన ఏడాదంతా ఏడ్చాను. పెంకుల మీద చప్పుడు వినపడకపోతే వాన కురిసినట్టే ఉండేది కాదు. ఆ లోటు ఇప్పటికీ తీరలేదు. అందుకే చెబుతున్నాను, టెన్షన్‌లో అమ్మకానికి ఒప్పుకోకండి. వానలు తగ్గాక, దసరా దాటాక పని మొదలుపెట్టి, అది పూర్తయ్యేదాకా అబ్బాయి దగ్గర ఉండండి. కరివేపాకు చెట్టు మొదట్లో వచ్చే పిలక ఒకటి వేరుతో తీసి కుండీలో పెట్టుకెళ్లండి. ఎండ తగిలే బాల్కనీలో బతుకుతుంది.