"నా పనంతా రాసిమ్మంటున్నారు, రాసిచ్చాక నాతో పనేముంది?"

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నా వయసు 47. భీమవరంలో రొయ్యల మేత డీలరు ఆఫీసులో 19 ఏళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. జీతం 24 వేలు. రైతులకు మేత అరువుకిస్తాం, పట్టుబడి అయ్యాక జమ చేసుకుంటాం. నాలుగు వందల ఖాతాలు నా చేతి మీదుగా నడుస్తాయి. ఈమధ్య ఓనరు గారబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చి ఆఫీసులో ఏఐ పెట్టారు. బిల్లు ఫొటో తీస్తే అదే ఎంట్రీ వేసేస్తోంది. బాకీ మెసేజ్‌లు కూడా తెలుగులో అదే రాస్తోంది. నాకు రోజంతా పట్టే పనిని కొత్తగా చేరిన అమ్మాయి మధ్యాహ్నం భోజనాల లోపే ముగించేస్తోంది. మా పెద్దమ్మాయి వయసుంటుంది ఆ అమ్మాయికి. పోయిన వారం చినబాబు నన్ను పిలిచి, "మీరు ఏ పని ఎలా చేస్తారో మొత్తం రాసివ్వండి, సిస్టమ్‌లో పెడదాం" అన్నారు. రాసిచ్చాక ఇక నాతో పనేముంది? రాయనంటే ఇప్పుడే పొమ్మంటారేమో. రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టడం లేదు. ఇంట్లో చెప్పలేదు. ఎక్కడో అప్పులు చేసి దాస్తున్నానని మా ఆవిడ అనుమానం. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి బీటెక్‌లో ఏఐ బ్రాంచ్ తీసుకుంటానంటే "మా పొట్ట కొట్టే చదువు నువ్వూ చదువుతావా" అని అరిచాను. అప్పట్నుంచి వాడు నాతో మాట్లాడటం లేదు. ఇంకో విషయం. ఒక రాత్రి నా ఫోన్లోనే చాట్‌జీపీటీ తెరిచి, ఆఫీసు లెక్కలు పెట్టి బ్యాంకుకు ఉత్తరం రాయించాను. నేను రాసేదానికన్నా బాగా వచ్చింది. నేనే రాశానని చెప్పి ఆఫీసులో ఇచ్చాను. దొంగతనం చేసినట్టుంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: రాసివ్వండి. పూర్తిగా, ఏదీ దాచుకోకుండా రాసివ్వండి. అయితే ఎలా రాయాలో, రాసే ముందు ఏం అడగాలో చెబుతాను. అది చదివాకే కలం పట్టుకోండి.

ముందు మీ భయం గురించి. అందులో నిజం ఉంది. బిల్లు చూసి ఎంట్రీ కొట్టే పని మళ్లీ మీ చేతికి రాదు. "ఏఐ వల్ల ఎవరి ఉద్యోగమూ పోదు" అని మీకు ధైర్యం చెప్పడం నాకిష్టం లేదు, ఎందుకంటే అది నిజం కాదు. ఒకప్పుడు మన ఊళ్ల ప్రెస్సుల్లో సీసపు అక్షరాలు ఒక్కొక్కటే పేర్చే కంపోజిటర్లు ఉండేవారు. డీటీపీ వచ్చాక ఆ పనే లేకుండా పోయింది. కొందరు కంప్యూటర్ నేర్చుకుని, ప్రూఫులు దిద్దుతూ అదే వృత్తిలో నిలబడ్డారు. కొందరు నిజంగానే వీధిన పడ్డారు. బ్యాంకుల్లో మాత్రం కథ వేరేలా నడిచింది. 1980ల్లో కంప్యూటర్లు వద్దని ఉద్యోగ సంఘాలు గట్టిగా పోరాడాయి. 1984లో రిజర్వు బ్యాంకు వేసిన రంగరాజన్ కమిటీ సిఫార్సులు వచ్చాక అవి మెల్లగా బ్రాంచీల్లోకి చేరాయి. లెడ్జర్లు చేత్తో రాసే పని పోయింది గానీ, రాసే మనుషులు లోన్ల వైపు, ఖాతాదారుల వైపు మారారు. కంపోజిటరుకు ఉన్నది ఒక్క పని. బ్యాంకు గుమాస్తాకు లెడ్జరు రాయడం తన పనుల్లో ఒకటి. అందుకని మీరు మీ గురించి అడగాల్సిన ప్రశ్న ఇది: ఎంట్రీలు తీసేస్తే నా ఉద్యోగంలో ఇంకేం మిగిలింది?

చాలా మిగిలింది. ఆ మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేకపోవడమే నాకు బాధ కలిగించింది.

మన డెల్టాలో చెరువు ఒకరిది, లీజుకు చేసేది ఇంకొకరు. బిల్లు భూమి యజమాని పేరున ఉంటుంది, మేత ఎత్తేది కౌలుదారు. బాకీ ఎవర్ని అడగాలో కాగితం చెప్పదు, మీకు తెలుసు. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న రైతులు ముగ్గురుంటారు. తండ్రి పేరుతోనో, చెరువు ఉన్న చోటుతోనో మీరు వేరు చేస్తారు. ఫొటోలో సంతకం చూసి ఆ యంత్రం ఎవరి ఖాతాలో వేస్తుంది? రొయ్యలకు వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వచ్చిందంటే రోజుల్లో చెరువు చేజారిపోతుంది. కిలోకు ముప్పై తూగేంత పెరగాల్సిన రొయ్యను, కిలోకు వంద తూగే చిన్న సైజులోనే పట్టేయాలి, వచ్చిన డబ్బు మేత ఖర్చుకే చాలదు. సరిగ్గా ఆ వారంలో ఆ రైతు ఫోనుకు "మీ బాకీ ఏడు రోజుల్లోగా చెల్లించగలరు" అని చక్కటి తెలుగులో మెసేజ్ వెళ్లిందనుకోండి. వాక్యంలో తప్పుండదు. కానీ తర్వాతి పంటకు ఆయన మేత ఇంకో డీలరు దగ్గర ఎత్తుతాడు, మీ పాత బాకీ అక్కడే ఆగిపోతుంది. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ మన చెరువు గట్ల దాకా వచ్చింది. అలాంటి రోజుల్లో ఎవరికి గడువివ్వాలి, ఎవరు సాకు చెబుతున్నారు, ఎవరింట్లో పెళ్లి ఉంది, ఎవరింట్లో ఆసుపత్రి ఖర్చులున్నాయి అన్నది మీ తలలోనే ఉంటుంది.

చిక్కంతా అక్కడే ఉందండీ. అది మీ తలలోనే ఉండిపోయింది. పెద్దాయనకు మీ విలువ తెలిసే ఉంటుంది. నిన్న మొన్న హైదరాబాద్ నుంచి వచ్చిన చినబాబు కంటికి మాత్రం మీరు ఎంట్రీలు నెమ్మదిగా కొట్టే మనిషిగానే కనబడుతున్నారు, ఎందుకంటే ఆయన చూడగలిగింది అదొక్కటే. దాచుకుంటే ఉద్యోగం నిలుస్తుందని మీరనుకుంటున్నారు. నాకు అందుకు పూర్తిగా ఎదురు అనిపిస్తోంది. మీరు చేసే అసలు పని బయటికి కనబడకపోవడం వల్లే మీరు లేకపోయినా నడుస్తుందనే ఆలోచన వాళ్లకు వస్తుంది.

అందుకే రాయండి. బిల్లు వస్తుంది, ఎంట్రీ వేస్తాను అని రెండు ముక్కల్లో తేల్చేయకండి. ఒక్కో పని దగ్గర ఎక్కడ పొరపాటు జరుగుతుంది, జరిగితే ఎంత నష్టం, ఎవరు చూసి సరే అనాలి, ఈ మూడూ రాయండి. ఉదాహరణకు, మేతకు జీఎస్టీ లేదు, చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటరుకు ఉంది. రెండూ ఒకే రైతుకు, ఒకే రోజు వెళ్లినప్పుడు ఏం చూడాలో రాయండి. కౌలు ఖాతాల సంగతి రాయండి. బాకీ మెసేజ్ వెళ్లే ముందు చెరువు పరిస్థితి ఒక మనిషి కనుక్కోవాలని రాయండి. అలా రాస్తే పది పేజీలు దాటుతాయి. అది చదివిన ఎవరికైనా, మనిషి కూర్చోవాల్సిన చోట్లు ఎన్నున్నాయో తెలిసిపోతుంది.

ఈ ఏఐ ఎక్కడ తప్పుతుందో కూడా మీరు తెలుసుకోవాలి. అది తెలిస్తే భయం సగం దిగుతుంది. చదివిన కోట్ల వాక్యాల ఆధారంగా తర్వాతి మాట ఏదై ఉంటుందో అంచనా వేసి రాస్తుంది. తెలియని చోట కూడా తెలిసినంత ధీమాగా రాసేయగలదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను సరిచూడకుండా కోర్టులో దాఖలు చేశారు. ఆ కేసులు అసలు లేనే లేవు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. జరిమానా కట్టింది మనుషులే. మీ ఆఫీసులోనూ అంతే. తప్పు బ్యాలెన్స్ మీద రైతు వచ్చి నిలదీస్తే, జీఎస్టీ నోటీసు వస్తే, జవాబు చెప్పాల్సింది మనిషే. ఆ జవాబుదారీ మీదిగా ఉండాలని మీరే అడిగి తీసుకోండి.

ఎలా అడగాలంటే, చినబాబుతో పాటు పెద్దాయన కూడా ఉన్నప్పుడు కూర్చోండి. "బాబూ, మీరు పెట్టిన పద్ధతి మంచిదే. నేను అన్నీ రాసిస్తాను. ఎంట్రీలు సిస్టమ్ వేయనివ్వండి. వేసిన ప్రతిదీ రోజూ సాయంత్రం నేను సరిచూస్తాను. బాకీ మెసేజ్‌లు నేను చూశాకే బయటికి వెళ్లాలి. ఈ పని మారాక నా బాధ్యత ఏమిటో, జీతం ఏమిటో ఒక కాగితం మీద పెడదాం" అనండి. బతిమాలినట్టు వద్దు, బెదిరించినట్టూ వద్దు. 19 ఏళ్ల మనిషికి ఆ మాట అడిగే హక్కుంది.

అదే రోజు బ్యాంకు ఉత్తరం సంగతి కూడా చెప్పేయండి. ఉత్తరం రాయడానికి యంత్రం సాయం తీసుకోవడం దొంగతనం కాదు, అందులో సిగ్గుపడాల్సింది లేదు. మీరు సరిచేసుకోవాల్సింది వేరే ఉంది. ఆఫీసు లెక్కలు మీ సొంత ఫోన్లో, ఉచిత యాప్‌లో పెట్టారు. ఉచితంగా ఇచ్చే చాలా యాప్‌లలో, సెట్టింగ్ మార్చకపోతే మనం పెట్టిన సమాచారాన్ని కంపెనీ తన మోడల్‌కు శిక్షణ ఇవ్వడానికి వాడుకోవచ్చు. రైతుల ఆధార్, పాన్, పాస్‌బుక్ ఫొటోలు అలా ఎప్పుడూ పెట్టొద్దు. వ్యక్తిగత సమాచారం విషయంలో మనకు 2023లో చట్టం కూడా వచ్చింది. ఏ యాప్ వాడాలి, ఏ కాగితాలు అందులో పెట్టకూడదు అన్నది ఆఫీసులో ఒక నియమంగా పెట్టమని మీరే అడగండి. చినబాబుకు ఆ ఆలోచన వచ్చిందో లేదో కూడా తెలియదు.

ఆ కొత్త అమ్మాయి గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు గానీ, అందులో గుచ్చుకున్న ముల్లు నాకు కనబడింది. కూతురి వయసు పిల్ల దగ్గర నేర్చుకోవడం కష్టమే. అయినా భోజనాలయ్యాక ఓ అరగంట ఆ అమ్మాయి పక్కన కూర్చోండి. "ఇది ఎలా చేశావమ్మా, చూపించు" అనండి. యాప్ వాడటం ఆమెకు తెలుసు, ఏ రైతు ఎవరో తెలియదు. తప్పు ఖాతాలో పడ్డ బిల్లు మీరు పట్టుకుంటే అందరి ముందూ ఎత్తి చూపకండి, ఆమెకే చెప్పి దిద్దించండి. రేపు మీ మాట ఆఫీసులో నిలబడటానికి ఆ అమ్మాయి కూడా సాక్షి అవుతుంది.

ఇంత చేసినా వాళ్లు వద్దనవచ్చు. ఆ మాట కూడా అనుకుని సిద్ధంగా ఉంటే రాత్రి మూడింటి మెలకువ తగ్గుతుంది. పది మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థలో అయిదేళ్లు దాటిన ఉద్యోగికి గ్రాట్యుటీ వస్తుంది. చివరి నెల బేసిక్, డీఏను 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణించాలి. మీ 24 వేలూ బేసిక్, డీఏ కిందే లెక్కేస్తే 19 ఏళ్లకు సుమారు 2 లక్షల 63 వేలు. పీఎఫ్ ఉంటే అందులో ఎంతుందో ఈ వారమే చూసుకోండి. మన వైపు చిన్న డీలర్లు, ఐస్ ఫ్యాక్టరీలు, రైస్ మిల్లులు, కొబ్బరి వ్యాపారులు ఎందరో పూర్తి జీతమిచ్చి అకౌంటెంట్‌ను పెట్టుకోలేరు. ఈ యాప్‌లు చేతిలో ఉంటే ఒక్క మనిషి నాలుగైదు చోట్ల లెక్కలు చూడటం ఇదివరకటి కన్నా తేలిక. రేపే మొదలుపెట్టమనడం లేదు, ఆ దారి ఉందని గుర్తుంచుకోండి చాలు.

2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు కూడా మీరు ఆ కుర్చీలోనే ఉన్నారు. వ్యాట్ లెక్కలన్నీ పక్కన పెట్టి కొత్తది నేర్చుకున్నారు. అప్పుడు లేనిది, ఇప్పుడున్నది ఒక్కటే: ఈసారి మీరు ఒక్కరే మోస్తున్నారు.

అందుకే ఓనరు గారితో మాట్లాడే ముందే మీ ఆవిడతో మాట్లాడండి. ఇవాళే. "అప్పులేం చేయలేదు, ఉద్యోగం గురించి భయమేస్తోంది" అని చెప్పండి. ఆమె ఊహించుకుంటున్న దానికన్నా నిజం చిన్నది. ఇద్దరూ కూర్చుని నెల ఖర్చు, చీటీ, పిల్లల ఫీజులు రాసుకోండి. జీతం ఆగితే ఎన్ని నెలలు గడుస్తుందో లెక్క తేలుతుంది. ఊరందరి లెక్కలు చూసే మీకు ఇంటి లెక్క చూడటం కష్టం కాదు, ఆమెకు చూపించడమే కష్టంగా ఉంది.

నిద్ర సంగతి వదిలేయకండి. ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఈలోగా మనసు మరీ కుంగితే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీమానస్ లైను, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇక మీ అబ్బాయి. వాడికి మీరు క్షమాపణ చెప్పాలి. "నీ మీద కోపం కాదురా, నా ఉద్యోగం మీద భయం" అని చెప్పండి, పదిహేడేళ్ల పిల్లాడికి అర్థమవుతుంది. ఆ బ్రాంచ్ తీసుకుంటే ఉద్యోగం ఖాయమని ఎవరూ చెప్పలేరు, తీసుకుంటే చెడిపోతాడనీ చెప్పలేరు. లెక్కలంటే వాడికి ఇష్టమా, ఏ కాలేజీలో పాఠాలు బాగా చెబుతారు, ఫీజు ఎంత, ఇవి చూసి ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే రోజు వాడి పక్కన మీరుండాలి. దానికి ముందు ఒక ఆదివారం మీ ఫోన్లో ఉన్న ఆ చాట్‌జీపీటీని వాడి చేతికిచ్చి, ఆఫీసు కాగితాలేవీ లేకుండా, దానితో ఎలా పని చేయించుకోవాలో చూపించమని అడగండి.