కాంట్రాక్టు పనిలో ఉన్నోడు యూనియన్‌లో చేరొచ్చా?

మీ తమ్ముడు ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ ప్యాకింగ్‌లో కాంట్రాక్టు కింద చేస్తున్నాడు, యూనియన్‌లో చేరితే గేటు పాసు పీకేస్తామని మేస్త్రీ బెదిరిస్తున్నాడు, చేరమనాలా వద్దా అని కదా మీరడిగింది.

చేరమనండి. ఒక్కడే మాత్రం పోవద్దనండి. నేనూ ఆ పక్కనే ఒక ఫ్యాక్టరీ లోడింగులో చానా ఏండ్లు చేసినోణ్ణే. మేస్త్రీది ఉత్త బెదిరింపేం కాదు. పర్మినెంటోణ్ణి తీయాలంటే నోటీసు, విచారణ అని తతంగముంది. మనల్ని తీయడానికి పాసు రెన్యువల్ చేయకుంటే సరి. అందుకే మావాళ్లు షిఫ్టు షిఫ్టంతా ఒకేసారి పేర్లు రాయించుకున్నారు. అందర్నీ తీసేస్తే లారీలు నింపేదెవరు?

జీతం సంగతి అట్లుంచండి. కాంట్రాక్టు కూలీ ఎక్కువ మునిగేది కాంట్రాక్టరు మారినప్పుడే. బెల్టు అదే, బస్తా అదే, సూపర్‌వైజరూ ఆయనే. కాయితాల్లో మాత్రం మనం కొత్తోళ్లం. గ్రాట్యుటీకి, అంటే పని మానేటప్పుడు ఇచ్చే సొమ్ముకి, 5 ఏళ్లు ఎప్పటికీ నిండవు. పీఎఫ్‌కు ఇంకో యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) తెరుస్తారు, పాతదాంట్లో డబ్బు ఇరుక్కుంటుంది. మా పాత కాంట్రాక్టరైతే మా జీతంలో కోసిన పీఎఫ్ కొన్ని నెలలు కట్టకుండానే దుకాణం సర్దేశాడు. ఆయన వెంట తిరగడం దండగ, కాంట్రాక్టరు ఎగ్గొడితే జీతానికైనా పీఎఫ్‌కైనా అసలు కంపెనీదే పూచీ అని చెప్పింది యూనియన్ పెద్దాయనే. కంపెనీ పేరు మీద అర్జీ పెట్టినాకే పని కదిలింది. అదీ జీతం స్లిప్పులు దాచుకున్నోళ్లకే.

కాబట్టి స్లిప్పు, పాసు ప్రతినెలా ఫోటో తీసి పెట్టుకోమనండి. యూఏఎన్‌కు లింకైన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే పీఎఫ్ పడిందో లేదో తెలుస్తుంది. జీతం 21,000 లోపయితే ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) కార్డు అడగాల్సిందే, ఆ దుమ్ములో పనిచేసేటోడికి అది లేకుంటే ఎట్లా?

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి, అపాయింట్‌మెంట్ లెటర్ అందరికీ ఇవ్వాలి. 'ఏడాదికే గ్రాట్యుటీ' అని వాట్సాప్‌లో తిరిగేది మాత్రం ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగులకు, అంటే ఇంత కాలానికని రాసుకుని నేరుగా పెట్టుకున్నోళ్లకు. కాంట్రాక్టరు కింద ఉన్నోళ్లు అది తమకేననుకుని మోసపోతున్నారు.

ఏ జెండా అంటారా, నాకు పట్టింపు లేదు. కమిటీలో కాంట్రాక్టోళ్లు ఉన్నారా చూడమనండి. పోయినసారి కాంట్రాక్టరు మారినప్పుడు ఎంతమందిని పాత యూఏఎన్‌తోనే నిలబెట్టారో అడగమనండి. దానికి పేర్లతో సహా జవాబు చెప్పినోళ్లకే చందా కట్టమనండి.