ఉంగరం మీది లిపి ఎవరిది?

టోల్కీన్ నవల ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో ఉంగరం మీది రాత మరుగుజ్జులదైతే, బాలిన్ అనే మరుగుజ్జు సమాధి మీద వేరే లిపి ఎందుకుందని అడిగారు కదా. అసలు రెండు లిపులూ ఆ కథలోని మరో జాతి, ఎల్ఫులవేనండి. ఉంగరం మీద ఉన్నది టెంగ్వార్. రూమిల్ అనే పండితుడి పాత లిపి చూసి ఫెయనోర్ అనే ఎల్ఫ్ కొత్తగా కట్టాడని టోల్కీన్ కథనం. అందులో ఒక నిలువుగీత, దానికో వంపు. వంపు ఒకటైతే ‘త’, అదే రెండైతే ‘ద’. అచ్చులేమో చాలాచోట్ల మన గుడి, ఏత్వంలా హల్లు నెత్తిన కూర్చుంటాయి. మనవాళ్లకిది ఇట్టే పట్టుబడుతుంది!

సమాధి మీదది కిర్త్. దాన్ని పెంచి, వరుసలో పెట్టింది డైరాన్ అనే ఎల్ఫ్ గాయకుడు. చెక్కమీదా రాతిమీదా గీకడానికి కాబట్టి అన్నీ కోసుగా ఉంటాయి. మరుగుజ్జులు దాన్నే తీసుకుని తమకు తగ్గట్టు మార్చుకున్నారు. మీరు పొరబడింది అక్కడే అనుకుంటా. ఇంకో తిరకాసు: ఉంగరం మీద లిపి ఎల్ఫులదే, భాష మాత్రం కథలోని దుష్టుడి రాజ్యమైన మోర్డోర్‌ది.