డాక్టర్ సలహా: జ్ఞానదంతంలోని మూలకణాల కోసం పన్ను తీయించుకోవడం ఆపవచ్చా?

ప్రశ్న: నా వయసు 41 సంవత్సరాలు. గాజువాకలో ఉంటాను. నాలుగేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. కింది వరుసలో కుడివైపు జ్ఞానదంతం పాడైందని, తీసేయాలని డెంటిస్టు చెప్పారు. పంటిలోని మూలకణాలను (స్టెమ్ సెల్స్) రీప్రోగ్రామింగ్ చేసి క్లోమ కణాలుగా మారిస్తే షుగర్ పూర్తిగా నయమవుతుందని ఒక వీడియోలో చూశాను. అందుకే పన్ను భద్రపరిచే బ్యాంకు దొరికేవరకు ఆగుదామనుకున్నాను. మూడు వారాలుగా దవడ వాస్తూ తగ్గుతూ ఉంది. మెడికల్ షాపులో ఇచ్చిన అమాక్సిక్లావ్, డైక్లోఫెనాక్ వేసుకుంటున్నాను. నాలుగు రోజులుగా నోరు రెండు వేళ్లకు మించి తెరుచుకోవడం లేదు. పన్ను ఎక్కడ దాచుకోవాలి, ఎంత ఖర్చవుతుంది?

జవాబు: బ్యాంకు సంగతి తరువాత చెబుతాను. ముందుగా ఈ రోజే, సాయంత్రం ఓపీ ముగిసేలోపు, దవడ శస్త్రచికిత్స చేసే డెంటల్ సర్జన్‌కు నోరు చూపించుకోండి. మిమ్మల్ని పరీక్షించకుండా రాస్తున్నాను కనుక దీనిని రోగనిర్ధారణగా తీసుకోవద్దు. అయితే షుగర్ ఉన్న మనిషికి దవడ వాచి, ఆపైన నోరు తెరుచుకోకపోవడాన్ని ఏ డాక్టరూ తేలికగా తీసుకోరు. కింది జ్ఞానదంతం చుట్టూ పట్టిన చీము పక్కనున్న నమిలే కండరాల దగ్గరికి పాకినప్పుడు అవి బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు. అక్కడి నుంచి అది నాలుక కిందికి, మెడలోకి దిగడానికి అడ్డుగా నిలిచే గట్టి గోడలేవీ లేవు. నాలుక కింద వాపు, లాలాజలం మింగలేకపోవడం, గొంతు మారడం, ఆయాసం, చలితో జ్వరం వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) క్యాజువాల్టీకో, ఇంటికి దగ్గరలో ఐసీయూ ఉన్న ఆస్పత్రికో వెళ్లండి. ఆ దశలో శ్వాసమార్గం గంటల్లోనే మూసుకుపోవచ్చు.

ఇక మూలకణాలు. పంటి లోపలి గుజ్జులో మూలకణాలు ఉన్నాయన్నది నిజమే. అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 2000లో పెద్దల జ్ఞానదంతాల నుంచి, 2003లో పిల్లల ఊడిన పాలపళ్ల నుంచి వీటిని వేరుచేసి చూపించారు. ఈ కణాలు సహజంగా పంటి లోపలి గట్టి పదార్థాన్ని, కొంతవరకు ఎముకను తయారు చేయగలవు. అంతే తప్ప వాటంతటవి క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలుగా మారవు. అలా మార్చాలంటే ముందు రీప్రోగ్రామింగ్ చేయాలి. జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాకా 2006లో ఎలుక కణాలతోను, 2007లో మనిషి కణాలతోను చేసి చూపించిన పద్ధతి ఇది. ఎదిగిన కణంలో నాలుగు జన్యువులను పనిచేయించి దానిని పిండ దశనాటి కణం వంటి స్థితికి వెనక్కి తీసుకువెళితే, ఆ తరువాత దాని నుంచి శరీరంలోని ఏ రకం కణాన్నయినా పెంచవచ్చు. వీటినే ఐపీఎస్ కణాలంటారు. ఈ కృషికి ఆయనకు 2012లో నోబెల్ బహుమతి వచ్చింది. పంటి కణాలను కూడా ఇలా మార్చవచ్చని 2010లో ప్రయోగశాలల్లో రుజువైంది. బహుశా మీరు చూసిన వీడియోకు మూలం ఇదే అయి ఉంటుంది.

ఆ వీడియోలో చెప్పి ఉండరని నేననుకునే విషయం ఒకటుంది. రీప్రోగ్రామింగ్‌కు పన్నే కావాలన్న నియమం లేదు. చిన్న చర్మం ముక్కతోను, చేతి నరం నుంచి తీసిన కొద్దిపాటి రక్తంతోను అదే పని జరుగుతుంది. మీరు చెప్పిన షుగర్‌నే తీసుకుంటే, చైనా వైద్యులు టైప్ 1 మధుమేహం (ఇన్సులిన్ తయారుచేసే కణాలే నాశనమయ్యే రకం) ఉన్న ఒక యువతికి ఆమె సొంత కణాలను రసాయనాలతో రీప్రోగ్రామ్ చేసి, ఇన్సులిన్ కణాలుగా పెంచి ఎక్కించారు. ఏడాది గడిచేసరికి ఆమెకు ఇన్సులిన్ ఇంజక్షన్ అవసరం లేకపోయిందని 2024లో ప్రకటించారు. ఆ కణాలు కొవ్వు కణజాలం నుంచి తీసినవి. పైగా కాలేయ మార్పిడి జరిగి ఉండటంతో ఆమె అప్పటికే రోగనిరోధక శక్తిని అణిచే మందుల మీద ఉన్నారు కాబట్టి, ఆ ఒక్క ఫలితాన్ని అందరికీ వర్తింపజేయలేము. మెట్‌ఫార్మిన్ మీద ఉన్నారంటే మీది చాలావరకు టైప్ 2 అయి ఉండాలి. అందులో శరీరం ఇన్సులిన్‌కు సరిగా స్పందించకపోవడమే ప్రధాన లోపం కనుక, కొత్త కణాలు తెచ్చిపెట్టినా ఆ లోపం అలాగే ఉంటుంది. ఒకవేళ రేపు ఇది నిజంగా చికిత్సగా స్థిరపడినా, ఆనాడు మీ రక్తం మీ ఒంట్లోనే ఉంటుంది. దాని కోసం ఈనాడు చీము పట్టిన పన్నును దాచుకోవలసిన పని లేదు.

భద్రత మాట కూడా చెప్పాలి. యమనాకా వాడిన నాలుగు జన్యువుల్లో ఒకటైన సి-మిక్ క్యాన్సర్‌తో సంబంధమున్న జన్యువు కాబట్టి ఆ తరువాత అది లేని పద్ధతుల కోసం పరిశోధకులు చాలా శ్రమపడ్డారు. పూర్తిగా మారకుండా మిగిలిపోయిన ఐపీఎస్ కణం ఒంట్లోకి వెళితే గడ్డగా ఎదిగే ప్రమాదం ఉంటుంది. 2014లో జపాన్‌లో తొలిసారి ఒక మహిళ కంటిలో ఐపీఎస్ కణాల పొరను అమర్చారు. రెండో రోగి కోసం సిద్ధం చేసిన కణాల్లో జన్యుమార్పులు కనిపించడంతో ఆ శస్త్రచికిత్సను వారే ఆపేశారు. అంత జాగ్రత్తగా పనిచేసేవారే వెనక్కి తగ్గిన విషయంలో, వారం రోజుల మూలకణ చికిత్స ప్యాకేజీ అంటూ ఫోన్ చేసేవారిని నమ్మవద్దని నా సలహా.

పంటి మూలకణాలతో మనుషుల్లో కనిపించిన మంచి ఫలితం పంటికి సంబంధించినదే. దెబ్బ తగిలి ముందుపన్ను గుజ్జు చనిపోయిన పిల్లలకు, వారి పాలపంటి కణాలనే అందులో పెట్టగా రక్తనాళాలతో సహా గుజ్జు మళ్లీ పెరిగిందని 2018లో చైనా బృందం చూపించింది. మా వృత్తిలో ఉన్నవారికి ఇది నిజంగా ఉత్సాహం కలిగించే సంగతి, కానీ ఇదీ ఇంకా పరిశోధన దశలోనే ఉంది. అక్కడ వాడినవి ఆరోగ్యంగా ఉన్న లేత పళ్లు. మీ పన్ను వయసు మీరినది, పుచ్చినది, చుట్టూ సూక్ష్మజీవులు చేరినది. దాని గుజ్జులో పనికివచ్చే కణాలు ఎన్ని మిగిలాయన్నది సందేహమే, ఆలస్యమవుతున్న కొద్దీ అవి కూడా తగ్గుతాయి.

బ్యాంకు, ఖర్చు గురించి అడిగారు. భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ శాఖ కలిసి 2017లో జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం మన దేశంలో వాణిజ్యపరంగా భద్రపరచడానికి అనుమతి ఉన్నది బొడ్డుతాడు రక్తానికి మాత్రమే. పంటి గుజ్జును దాచిపెడతామని డబ్బు తీసుకోవడానికి ఆ మార్గదర్శకాలు ఒప్పుకోవు. అందుచేత ఎవరు ఎంత రేటు చెప్పినా చెల్లించకండి. నిబంధనలు మారే అవకాశం ఉంటుంది కనుక, ఎప్పుడైనా ఎవరైనా లైసెన్సు ఉందంటే ఆ కాగితం చూపించమని అడగండి.

నాకు కోపం తెప్పించిన విషయం మీ మెడికల్ షాపు మందులు. ఉన్నమాట చెప్పకపోతే మీకు మేలు జరగదు. కౌంటరు వెనక ఉన్నవారు మీ నోరు తెరిచి చూడలేదు, ఎక్స్‌రే తీయలేదు, షుగర్ ఎంత ఉందో అడిగి ఉండరు. అమాక్సిక్లావ్ మంచి మందే. కానీ చీము గూడుకట్టిన చోటికి యాంటీబయాటిక్ సరిగా చేరదు, దానిని కోసి బయటికి తీయాలి, కారణమైన పన్నును తొలగించాలి. మాత్ర వేసినప్పుడు తగ్గి, ఆపగానే తిరిగి వాచే దవడ మూడు వారాలుగా మీకు చెబుతున్నది ఇదే. అరకొరగా వేసుకున్న కోర్సుల వల్ల మందుకు లొంగని సూక్ష్మజీవులు మిగిలిపోతే, రేపు సర్జన్ చేతిలో ఉండే మందులు తగ్గిపోతాయి. డైక్లోఫెనాక్ నొప్పిని, జ్వరాన్ని కప్పిపుచ్చి ఇంట్లోవాళ్లకు అంతా బాగుందనిపిస్తుంది. షుగర్ ఉన్నవారి మూత్రపిండాలకు అది రోజుల తరబడి వేయదగిన మాత్ర కాదు. బయటి నుంచి వేడి కాపడం కూడా పెట్టకండి.

సర్జన్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంతవరకు వేసుకున్న మందుల పేర్లు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, రోజుకు ఎన్నిసార్లు అన్నది కాగితం మీద రాసి తీసుకువెళ్లండి. స్ట్రిప్పులు ఉంటే అవీ పట్టుకెళ్లండి. నోరు తెరుచుకోదు కనుక బయటి నుంచి తీసే ఓపీజీ ఎక్స్‌రే, షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు) పరీక్షలు అడిగే అవకాశం ఉంది. అవసరమనిపిస్తే స్కాన్ చేయించి, ఆస్పత్రిలో చేర్చుకుని సెలైన్ ద్వారా మందులిస్తామనవచ్చు, అప్పుడు వద్దనకండి. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు షుగర్ పెరగడం మామూలే. కొద్దిరోజులు ఇన్సులిన్ ఇవ్వవలసి రావచ్చు, జీవితాంతం అలవాటవుతుందని భయపడి దానిని తిరస్కరించవద్దు. మెట్‌ఫార్మిన్ కొనసాగించాలా, తాత్కాలికంగా ఆపాలా అన్నది పరీక్షల ఫలితాలు చూసిన డాక్టరే చెప్పాలి, అంతవరకు మోతాదును మీ అంతట మీరు మార్చకండి.

– ఓరల్ అండ్ మాక్సిలోఫేషియల్ సర్జన్, విశాఖపట్నం